డిస్నీ వరల్డ్‌కు మొదటిసారి: అత్తమ్మ, మామయ్యలతో ఏ నెలలో వెళ్తే మంచిది?

పాలేరు పిల్ల:

అందరికీ నమస్తే. మేం షార్లెట్‌లో ఉంటాం. మా అత్తమ్మ, మామయ్య ఖమ్మం దగ్గర పల్లె నుంచి మొదటిసారి అమెరికా వస్తున్నారు. ఏప్రిల్ 20 దాటాక దిగుతారు, అక్టోబర్ మధ్యలో తిరిగి వెళ్తారు. ఈ ఆరు నెలల్లో ఎప్పుడో ఒకసారి అందరం కలిసి ఒర్లాండోలో డిస్నీ వరల్డ్ చూడాలని మా కోరిక. మేం కూడా ఇంతవరకు ఏ థీమ్ పార్కుకూ వెళ్లలేదు.

మా పాపకు ఆరేళ్లు, కిండర్‌గార్టెన్. ఎత్తు 42 అంగుళాలు. బాబుకు సెప్టెంబర్ రెండో వారంలో మూడేళ్లు నిండుతాయి. మామయ్యకు 66. మిర్చి, పత్తి వేస్తారు. మనిషి గట్టివారే కానీ మోకాళ్ల నొప్పి ఉంది, బీపీ మాత్రలు వేసుకుంటారు. అత్తమ్మ గుడ్డు కూడా ముట్టరు, బయటి తిండి ఆమెకు పడదు.

మా ఆయన ఆఫీసు జూలై 4 వారంలో ఎలాగూ మూసేస్తారు కాబట్టి అప్పుడు వెళ్దాం అంటున్నారు. నా కొలీగ్ సెప్టెంబర్‌లో అయితే జనమే ఉండరు అంటోంది. మామయ్య ఉండగా అక్టోబర్ మొదటి వారం కూడా దొరుకుతుంది. ఏ రోజు ఎంత జనం ఉంటారో రంగుల్లో చూపించే రద్దీ క్యాలెండర్లు నాలుగు తెరిచి చూస్తే ఒకదానిలో ఎర్రగా ఉన్న వారం ఇంకోదానిలో పచ్చగా ఉంది. ఇంత డబ్బు పెట్టి వెళ్లి పెద్దవాళ్లు ఇబ్బంది పడితే ఎలా అని నాకు ఒకటే టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

ప్లానో నుంచి:

సెప్టెంబర్ అండీ, వేరే ఆలోచనే వద్దు. నేను, నా భార్య లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) అయిన మర్నాడు మొదలుపెట్టి వెళ్లాం. చాలా రైడ్లకు నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాం. హోటల్ కూడా చవగ్గా వచ్చింది. మధ్యాహ్నం గంటసేపు వాన పడుతుంది, పాంచో వేసుకుంటే సరిపోతుంది.

టాంపా బాబాయ్:

అమ్మా, మేం టాంపాలో ఉంటాం. ఐ-4 హైవే మీద ట్రాఫిక్ లేకపోతే డిస్నీ మాకు గంటంపావు దూరం. ఇండియా నుంచి చుట్టాలెవరు వచ్చినా తీసుకెళ్లేది నేనే. జనవరి చలిలో వెళ్లాను, ఆగస్టు ఉక్కలో వెళ్లాను, కాలు పెట్టడానికి చోటు లేని క్రిస్మస్ వారంలోనూ వెళ్లాను. చంటిపిల్లలతో, కర్ర పట్టుకుని నడిచే పెద్దవాళ్లతో కూడా తిరిగాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మీరు మే నెలలో వెళ్లండి. 5 నుంచి 20 లోపు ఎప్పుడైనా సరే. జూలై వద్దు. సెప్టెంబర్ ఇద్దరే వెళ్లే దంపతులకు బాగుంటుంది, మీ ఇంటికి పనికిరాదు.

ప్లానో తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. లేబర్ డే దాటాక రెండు మూడు వారాలు లైన్లు నిజంగానే తక్కువ. కాకపోతే లైన్ తప్పించుకోవడానికి మన చేతిలో దారులున్నాయి. తెల్లవారుతూనే వెళ్లొచ్చు, డబ్బు కట్టి పొట్టి లైన్‌లో వెళ్లే లైట్నింగ్ లేన్ కొనుక్కోవచ్చు, అదీ కాదంటే ఆ రైడ్ వదిలేయొచ్చు. ఎండకు అలాంటి దారి లేదు. చాలా రైడ్ల లోపల ఏసీ ఉంటుంది కానీ ఒక రైడ్ నుంచి ఇంకో రైడ్‌కు నడవడం, పెరేడ్ కోసం కూర్చోవడం, బస్సు కోసం నిలబడటం అన్నీ ఆరుబయటే. రోజుకు ఆరేడు మైళ్ల నడక ఉంటుందని లెక్క వేసుకో.

ఒర్లాండోలో జూలై, ఆగస్టుల్లో పగటి వేడి సగటున 33 డిగ్రీలు. ఈ అంకె చెబితే మీ మామయ్యగారు నవ్వుతారు. మే నెలలో 44 చూసిన మనిషి ఆయన. కానీ 44 ఉన్న రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆయన ఎక్కడుంటారు? పొలం పని పొద్దున్నే చూసుకుని వచ్చి ఇంట్లో నడుం వాలుస్తారు. ఇక్కడ అదే పన్నెండు నుంచి నాలుగు దాకా మనవడి స్ట్రోలర్ పక్కన సిమెంటు నేల మీద ఉంటారు. పైగా గాలినిండా తేమ. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. బీపీ మాత్రల్లో ఒంట్లో నీటిని బయటికి పంపే రకాలు కూడా ఉంటాయి. ఏ నెలలో వెళ్లినా సరే, ఆయన వేసుకునేది ఆ రకమేమో బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి.

మా బావగారిని ఒక ఆగస్టులో మ్యాజిక్ కింగ్‌డమ్‌కు తీసుకెళ్లాం, డిస్నీలోని నాలుగు పార్కుల్లో కోట ఉండేది అదే. ఆయన కూడా రైతే, తెనాలి వైపు. రెండు గంటలప్పుడు పిల్లలు డంబో రైడ్ ఎక్కుతుంటే మేం బయట నిలబడ్డాం. ఆయన ఏమీ అనలేదు. మన పెద్దవాళ్లు అనరమ్మా, పిల్లల సరదా చెడిపోతుందని ఊరుకుంటారు. నీళ్ల సీసా చేతికిస్తే మూత తిప్పడానికి ఆయన వేళ్లు పట్టు దొరక్క జారిపోతున్నాయి. అది చూసి నాకు అర్థమైంది. మొహం ఎర్రబడి ఉంది, అడిగినదానికి జవాబు ఆలస్యంగా వస్తోంది. ప్రతి పార్కులోనూ ఫస్ట్ ఎయిడ్ కేంద్రం ఉంటుంది. అక్కడికి తీసుకెళ్తే నర్సు పడుకోబెట్టి, మెడ మీద చల్లటి తువ్వాలు వేసి, గంటసేపు కదలనివ్వలేదు. తేరుకున్నారు. ఆ రోజు లైన్లు ఎంత తక్కువ ఉన్నాయో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు.

ఇక వాన సంగతి. మే చివర నుంచి అక్టోబర్ దాకా ఇక్కడ వానాకాలం. వేసవి మధ్యాహ్నాల్లో మబ్బు పట్టడం, ఉరమడం దాదాపు రోజూ ఉండేదే. తడిస్తే నష్టం లేదు, పిల్లలకు సరదాయే. పిడుగు దగ్గర్లో ఉందంటే మాత్రం ఆరుబయటి రైడ్లన్నీ ఆపేస్తారు. స్లింకీ డాగ్, టెస్ట్ ట్రాక్, జంగిల్ క్రూజ్, అన్నీ. పార్కులో ఉన్న జనమంతా పైకప్పు కింద ఉన్న మిగతా రైడ్ల మీద పడతారు. పచ్చగా కనిపించిన క్యాలెండర్ ఆ రెండు గంటల్లో ఎర్రబడుతుంది.

సెప్టెంబర్, అక్టోబర్ మొదటి వారం అంటే నాకు ఇంకో భయం ఉంది. హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా అయినా అసలు ఉధృతి సెప్టెంబర్ 10కి అటూ ఇటూ. 2022లో ఇయన్ అనే హరికేన్ వచ్చినప్పుడు సెప్టెంబర్ 28, 29 తేదీల్లో పార్కులు మూసేశారు. 2024లో మిల్టన్ హరికేన్‌కు అక్టోబర్ 10న మూసేశారు. ప్రతి ఏడాదీ ఇలా జరగదు. జరిగితే మాత్రం మీరు షార్లెట్ నుంచి ఎనిమిది గంటలు కారులో రావాలి, అదే సమయానికి ఐ-95 మీద ఫ్లోరిడా జనం పైకి వస్తుంటారు. అత్తమామలు అక్టోబర్ మధ్యలో వెళ్లిపోతారు కాబట్టి ట్రిప్పు వాయిదా వేయడానికి మీకు వారాలు మిగలవు. మేలో ఏదైనా అడ్డం వస్తే ఇంకా ఐదు నెలలుంటాయి.

అక్టోబర్‌లో మరో చిక్కు కూడా ఉంది. ఆగస్టు నుంచి అక్టోబర్ చివరి దాకా మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కొన్ని రాత్రులు హాలోవీన్ పార్టీ ఉంటుంది. దానికి వేరే టికెట్. ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్లు సాయంత్రం ఆరింటికే బయటికి రావాలి. అంటే కోట మీద బాణసంచా చూడకుండానే రావాలి. మొదటిసారి వచ్చినవాళ్లు అది చూడకుండా వెళ్లకూడదు, మీ పాప కోసమైనా. తెలిసినవాళ్లు కావాలనే ఆ రోజుల్లో వెళ్తారు, పగలు జనం తక్కువుంటారని. వాళ్లకు బాణసంచా కొత్త కాదు.

మే ఎందుకు బాగుంటుందంటే బడుల లెక్క చూడండి. ఈస్టర్, స్ప్రింగ్ బ్రేక్ అప్పటికి అయిపోతాయి. జార్జియా, ఫ్లోరిడా లాంటి దక్షిణాది రాష్ట్రాల బడులు మే చివర్లో మూస్తారు. న్యూయార్క్, న్యూజెర్సీ వాళ్లకు జూన్ చివర గానీ సెలవులు రావు. మే చివరి సోమవారం మెమోరియల్ డే నుంచి రద్దీ మొదలవుతుంది. దానికి ముందు రెండు మూడు వారాలు అటు సెలవులూ లేవు, ఇటు వానాకాలమూ రాలేదు. పగలు సగటున 31, తెల్లవారుజామున 20 డిగ్రీలు. మధ్యాహ్నం వేడిగానే ఉంటుంది, చల్లగా ఉంటుందని నేను చెప్పను. గాలిలో తేమ మాత్రం ఆగస్టంత ఉండదు, పొద్దున పదకొండు దాకా హాయిగా తిరగొచ్చు.

డబ్బు సంగతి కూడా చూసుకో. మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. మీ బాబుకు మేలో ఉచితం, అక్టోబర్‌లో టికెట్ కొనాలి. మూడు నుంచి తొమ్మిదేళ్ల వాళ్ల టికెట్‌కూ పెద్దవాళ్ల టికెట్‌కూ తేడా చాలా కొద్దిగానే ఉంటుంది. ఒక్కరోజు టికెట్ ధర తేదీని బట్టి, పార్కును బట్టి మారుతుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లలో చవకైన రోజున యానిమల్ కింగ్‌డమ్ పార్కుకు 119 డాలర్లు, క్రిస్మస్‌కూ న్యూ ఇయర్‌కూ మధ్య మ్యాజిక్ కింగ్‌డమ్‌కు 200 పైనే. మే ధర ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. సెప్టెంబర్‌లో మీకు టికెట్ మీద కొంత మిగులుతుందేమో కానీ బాబు పుట్టినరోజు దాటాక వెళ్తే ఆ మిగిలింది వాడి టికెట్‌కే పోతుంది.

కూకట్‌పల్లి నాన్న:

బాబాయ్ గారూ, మీ జవాబు చదివి మా ప్లాన్ గురించి కూడా అడగాలనిపించింది. మేం హైదరాబాద్ నుంచి వస్తున్నాం. పిల్లలు ఐదు, ఎనిమిది తరగతులు. సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా. న్యూజెర్సీలో మా అక్క వాళ్లింట్లో దిగుతాం. వాళ్ల పిల్లలకు జూన్ 20 దాకా బడి ఉంటుంది. బడి అయిపోయాక అందరం కలిసి డిస్నీకి వెళ్దాం, మీ పిల్లలు రెండు వారాలు బడి మానితే ఏమవుతుంది అని అక్క పట్టుబడుతోంది.

టాంపా బాబాయ్:

మీ సెలవులే మీకు వరం. అమెరికా పిల్లలందరూ బడిలో ఉన్నప్పుడు మీ పిల్లలు ఖాళీగా ఉంటారు. తెలంగాణ, ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లకు ఇంత చక్కటి వీలు ఇంకోటి లేదు, చాలామంది దాన్ని వాడుకోరు. జూన్ చివర అంటే ఎండా వానా సెలవుల రద్దీ మూడూ ఒకేసారి. అక్కగారి పిల్లలు లేకుండా వెళ్లాలంటే మనసొప్పదు, నిజమే. అందుకని మే మధ్యలో ఒక శుక్రవారం వాళ్లను బడి మాన్పించి, గురువారం రాత్రి విమానంలో అందరూ రండి. శుక్ర, శని, ఆదివారాలు కలిసి గడపండి. వాళ్లు ఆదివారం రాత్రి తిరిగి వెళ్తారు, మీరు ఇంకో రెండు రోజులు ఉండండి. శని, ఆదివారాల్లో ఫ్లోరిడా వాళ్లం కూడా వస్తాం కాబట్టి కాస్త జనం ఉంటారు. అయినా జూన్ చివరితో పోలిస్తే చాలా నయం.

ఎడిసన్ అమ్మ:

న్యూజెర్సీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. నవంబర్‌లో వెళ్దామనుకునేవాళ్లు మొదటి వారం తేదీలు చూసుకోండి. ఇక్కడ టీచర్ల కన్వెన్షన్ ఉండి గురు, శుక్రవారాలు బడులు మూస్తారు. మా ఊళ్లో సగం మంది అప్పుడు ఒర్లాండో విమానంలోనే ఉంటారు. దాన్ని జెర్సీ వీక్ అని పిలిచేంత పేరు పడిపోయింది. క్యాలెండర్‌లో పండగ ఏదీ కనిపించదు, అందుకే తెలియనివాళ్లు వెళ్లి ఆశ్చర్యపోతారు. మేం ఒకసారి థాంక్స్‌గివింగ్ అయ్యాక డిసెంబర్ మొదటి వారంలో వెళ్లాం. దీపాలు, క్రిస్మస్ చెట్లు అన్నీ అప్పటికే పెట్టేశారు, జనం ఇంకా రాలేదు. పిల్లలకు స్వెటర్ వేసి తిప్పాను, చాలా హాయిగా అనిపించింది. పాలేరు పిల్లగారి అత్తమామలు అప్పటికి ఉండరు కానీ వేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

టాంపా బాబాయ్:

ఎడిసన్ అమ్మగారు చెప్పిన డిసెంబర్ మొదటి వారం నాకూ చాలా ఇష్టం. అమ్మానాన్నలను పిలిపించుకోవడానికి ఇంకా టికెట్లు కొననివాళ్లు ఎవరైనా చదువుతుంటే, జనవరి చివరి వారం కూడా మనసులో పెట్టుకోండి. మొదట్లో మారథాన్ ఉంటుంది, తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, అవి రెండూ దాటాక అన్నమాట. పగలు 22 డిగ్రీలు, తెల్లవారుజామున 10. ఆరు గంటలకే చీకటి పడుతుంది కాబట్టి బాణసంచా కూడా పెందలాడే అయిపోతుంది, చిన్నపిల్లలు నిద్రకు ఆగలేక ఏడవరు. నష్టమల్లా మరమ్మతులకు కొన్ని రైడ్లు ఆ నెలల్లోనే మూస్తారు. ముందే చూసుకుని వెళ్లాలి.

పాలేరు పిల్ల:

బాబాయ్ గారూ, మీరు బావగారి గురించి రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. జూలై మాట ఇక ఎత్తలేదు. మే 11 వారం అనుకుంటున్నాం. మూడు సందేహాలున్నాయి. వాళ్లు దిగి మూడు వారాలు కూడా కావు, జెట్‌లాగ్‌తో ఇబ్బంది పడతారా? పాపకు నాలుగైదు రోజులు బడి పోతుంది, పరవాలేదా? మామయ్య గిరగిరా తిరిగేవి ఏవీ ఎక్కరు. అంత దూరం తీసుకెళ్లి ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. ఆయనకు నచ్చేది ఏమైనా ఉంటుందా?

టాంపా బాబాయ్:

జెట్‌లాగ్ రెండో వారానికే చాలావరకు సర్దుకుంటుంది. మిగిలిన కాస్తా మీకు మేలే చేస్తుంది. ఇండియా నుంచి వచ్చినవాళ్లకు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది కదా. డిస్నీలో గేటు తీసినప్పటి నుంచి మొదటి రెండు మూడు గంటల్లో తిరిగినంత మధ్యాహ్నమంతా తిరగలేం. డిస్నీ వాళ్ల హోటల్లో దిగితే అందరికన్నా అరగంట ముందు లోపలికి వదులుతారు. ఆ అరగంట కోసమైనా వాళ్ల చవక హోటళ్ల ధర ఒకసారి చూడు. పొద్దున వెళ్లి, పన్నెండున్నరకు హోటల్‌కు వచ్చేసి, తిని పడుకుని, ఐదింటికి మళ్లీ వెళ్లండి. డబ్బు పెట్టి కొన్నాం కదా అని మధ్యాహ్నం కూడా లోపలే ఉండాలని పట్టుబట్టకండి.

బడి గురించి టీచర్‌తో ముందే మాట్లాడు. కిండర్‌గార్టెన్‌లో పోయే పాఠం తక్కువ. ఐదో తరగతిలో ఉంటే నేనూ ఆలోచించమనేవాణ్ని.

ఇక మామయ్యగారి సంగతి. ఎప్‌కాట్ అనే పార్కులో ద లాండ్ అని ఒక భవనం ఉంది. అందులో లివింగ్ విత్ ద లాండ్ అనే పడవ ప్రయాణం. పావుగంట కూడా పట్టదు. ఎత్తు నిబంధన లేదు, కుదుపు లేదు, చంటిపిల్లలను కూడా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. మొదట చీకటి సొరంగంలో బొమ్మలు, తర్వాత పడవ గాజు కప్పు కింద నిజమైన గ్రీన్‌హౌస్‌ల మధ్యకు వెళ్తుంది. మట్టి లేకుండా వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. ఆ మొక్కలు గొలుసు మీద నెమ్మదిగా కదులుతూ వచ్చి ఒకచోట నీళ్ల తుంపర కిందికి వెళ్లి ఇవతలికి వస్తాయి. వేళ్ల మీద నీటిబొట్లు మెరుస్తూ కనిపిస్తాయి, పడవ అంత దగ్గరగా పోతుంది. టమాటా తీగను పందిరి ఎక్కించి చెట్టంత వెడల్పున అల్లిస్తారు, గుత్తులు తలల పైన వేలాడతాయి. గుమ్మడికాయలు కూడా పైనుంచే వేలాడుతుంటాయి. ఇసుకలో పెంచే పంట ఒకపక్క, చేపల తొట్లు ఒకపక్క. మా బావగారు దిగగానే మళ్లీ ఎక్కుదామన్నారు. నీళ్లు ఎంత పడుతున్నాయి, పురుగు ఎలా ఆపుతున్నారు అని దారంతా నన్ను అడుగుతూనే ఉన్నారు. ఆయన అంత ఉత్సాహంగా మాట్లాడటం నేను ఇక్కడే చూశాను. మేలో వెళ్తే ఎప్‌కాట్‌లో పూల ఉత్సవం కూడా నడుస్తుంటుంది. పార్కంతా పూల మడులు, మొక్కలను కత్తిరించి చేసిన మిక్కీ, మిన్నీ బొమ్మలు. మీ అత్తమ్మగారికి అది నచ్చుతుంది.

యానిమల్ కింగ్‌డమ్‌లో కిలిమంజారో సఫారీకి కూడా ఇద్దరూ రావచ్చు. లారీలాంటి బండిలో కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు తిప్పుతారు. కుదుపులుంటాయి కాబట్టి మోకాళ్ల కోసం సీటు చివర కూర్చోమనండి. దాన్ని పొద్దున్నే పెట్టుకోండి. ఎండెక్కితే జంతువులు కూడా నీడ వెతుక్కుంటాయి.

పాప ఎత్తు 42 అన్నావు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, స్లింకీ డాగ్‌లకు 38 చాలు, సోరిన్‌కు 40. స్పేస్ మౌంటెన్‌కు 44 కావాలి, దానికి ఇంకో ఏడాది ఆగాలి. మీరిద్దరూ పెద్ద రైడ్ ఎక్కాలంటే బాబును చూసుకోవడానికి అత్తమామలు ఉన్నారు. వాళ్లు అలసిపోయి ఉంటే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు లైన్‌లో నిలబడి ఎక్కి వచ్చాక రెండోవాళ్లు అంత లైన్ మళ్లీ నిలబడక్కర్లేకుండా వెళ్లొచ్చు.

మూడు పార్కులు చాలు మీకు. మూడు రోజుల టికెట్ తీసుకుంటే ఐదు రోజుల లోపల ఎప్పుడైనా వాడుకోవచ్చు. కాబట్టి ప్రతి పార్కు మర్నాడు విశ్రాంతి పెట్టుకోండి: సోమవారం ఎప్‌కాట్, బుధవారం మ్యాజిక్ కింగ్‌డమ్, శుక్రవారం యానిమల్ కింగ్‌డమ్. మంగళ, గురువారాలు ఈత కొలను, నిద్ర. మ్యాజిక్ కింగ్‌డమ్ రోజు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకో. సొంత కారులో వెళ్తే కారు పెట్టిన చోటు నుంచి గేటు దాకా నేరుగా పోలేం. చెరువు దాటడానికి మోనోరైల్ గానీ ఫెర్రీ గానీ ఎక్కాలి. దానికే అరగంట పైన పోతుంది. డిస్నీ హోటల్ బస్సు అయితే గేటు దగ్గరే దింపుతుంది.

పాలేరు పిల్ల:

చాలా థాంక్స్ బాబాయ్ గారూ. లివింగ్ విత్ ద లాండ్ గురించి మామయ్యకు ఫోన్‌లో చెప్పాను. మట్టి లేకుండా కాపు ఎట్లా నిలబడుతుంది అని అప్పుడే అడుగుతున్నారు. అత్తమ్మ తిండి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎడిసన్ అమ్మ:

అది నేను చెప్తా. బయటి నుంచి తిండి తీసుకెళ్లనిస్తారు, వేడి చేయాల్సిన అవసరం లేనిదైతే చాలు. గాజు సీసాలు వద్దు, పచ్చడి ప్లాస్టిక్ డబ్బాలో సర్దండి. గేటు దగ్గర బ్యాగు చూస్తారు, తీసి చూపిస్తే పంపిస్తారు. నేను మా అమ్మకు పులిహోర, చపాతీలు, వేపుడు కట్టుకెళ్లేదాన్ని. మేలో అయితే పెరుగన్నం పొద్దున్న పదకొండు లోపే తినేసేయండి, లేదంటే ఐస్ ప్యాక్ పెట్టండి. కౌంటర్లలో అడిగితే చల్లటి నీళ్లు గ్లాసులో ఊరికే ఇస్తారు. హోటల్ గది తీసుకునేటప్పుడు ఫ్రిజ్, మైక్రోవేవ్ రెండూ ఉన్నాయో లేదో అడగండి. ఫ్రిజ్ ఉండి మైక్రోవేవ్ లేని గదులు చాలా ఉంటాయి.

ఒక సాయంత్రం వేడిగా తినాలనిపిస్తే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంట్ ఉంది. నాన్ లాంటి రొట్టెలు, రకరకాల పచ్చళ్లు పెడతారు. పార్కు టికెట్ అక్కర్లేదు. కిటికీలోంచి జిరాఫీలు, జీబ్రాలు మేస్తూ కనిపిస్తాయి. వెలుగుండగానే వెళ్లేలా టేబుల్ ముందే బుక్ చేసుకోండి.

టాంపా బాబాయ్:

ఇంకొక్కటి. మామయ్యగారు చెప్పులతో వస్తారు. దిగిన వారంలోనే ఆయన్ను షాపుకు తీసుకెళ్లి మెత్తటి అడుగున్న బూట్లు ఒక జత, కాటన్ సాక్సులు కొనండి. రోజూ సాయంత్రం మీ వీధిలో అవే వేసుకుని అరగంట నడిపించండి. కొత్త బూట్లు పార్కులో మొదటిసారి వేసుకుంటే మధ్యాహ్నానికే పొక్కులు వస్తాయి. మోకాళ్లు మొరాయిస్తే పార్కు గేటు లోపలే చక్రాల కుర్చీ అద్దెకు దొరుకుతుంది. ముందు వచ్చినవాళ్లకు ముందు కాబట్టి పొద్దున్నే తీసుకోండి. ఆయన వద్దంటారు, అయినా తీసుకోండి. బాబు సంచులు పెట్టుకోవడానికి అని చెప్పండి.